దారం కట్టిన సీసా

మధ్యాహ్నం రెండుంబావుకు సి.ఐ. పుల్లారావు నా ఫోన్ నంబరు బ్లాక్ చేశాడు. చాటుగా కాదు. నా ఎదురుగానే ఫోన్ తీసి, కళ్లజోడు సర్దుకుని, నా పేరు వెతికి, వేలితో నొక్కి, తెర నా వైపు తిప్పి మరీ చూపించాడు.

"చూసినావా బాషా? చచ్చేదాకా ఇంక నీ గొంతు వినేది లేదు. స్టేషన్ నంబరుకు చేసినా నాకు కలపొద్దని రైటర్‌కు చెప్పినా. పో ఇంక."

నేను పోలేదు. పదకొండేళ్ల కింద ఇదే మనిషి నన్ను హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగంలోంచి తోసేసినప్పుడు తల వంచుకుని పోయాను. ఒక జన్మకు ఆ ఒక్కసారి చాలు. అప్పటినుంచి మార్కాపురంలో మొహిద్దీన్ బాషా, ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని, పెళ్లి సంబంధాలవాళ్ల గుట్టుమట్లు కనుక్కుంటూ బతుకుతున్నాను. పుల్లారావు మీద పగ మాత్రం రోజూ అన్నంతోపాటు తింటూనే ఉన్నాను. దాచుకునేదేముంది?

అయితే ఆ రోజు నేను వచ్చింది పగ కోసం కాదు. నా అక్క జహరాబీ కొడుకు ఉస్మాన్ లాకప్‌లో ఉన్నాడు. వాడికి మెడికల్ షాపు ఉంది. సాయంత్రం ఏడుకు వాణ్ణి మేజిస్ట్రేట్ ముందు పెడతారు. హత్య కేసు. ఆలోపు అసలు మనిషిని పట్టుకోకపోతే వాడు జైలుకు పోతాడు, మా అక్క మంచానికి అతుక్కుపోతుంది.

చచ్చినవాడు పలకల ఫ్యాక్టరీ యజమాని నాగభూషణరావు. డెబ్బై ఒక్క ఏళ్లు. రెండేళ్లుగా ఆయనకు ముసలితనం మీద యుద్ధం ఎక్కువైంది. దానికి ఆయన ఆయుధం పెప్టైడ్లనే మందులు. మన ఒంట్లో కణాలకు కబుర్లు మోసే చిన్న గొలుసులు ఉంటాయట. వయసు మీదపడేకొద్దీ అవి తగ్గుతాయట. వాటినే ల్యాబులో తయారుచేసి సూదితో ఎక్కిస్తే ఒళ్లు మళ్లీ పడుచుదనపు మాట వింటుందట. ఎలుకల్లో కొంత పనిచేసింది, మనుషుల్లో ఇంకా తేలలేదు అని ఉస్మానే ఒకసారి నాతో అన్నాడు. సీసా మీద కూడా 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది. అయినా తెప్పించి అమ్మాడు వెధవ. ఆ తప్పు వాడిదే, కాదనను. అంతవరకే వాడిది.

సోమవారం సాయంత్రం ఆరుకు నాగభూషణరావు రోజూలాగే తన సూది తనే వేసుకున్నాడు. సూది తర్వాత రెండు గంటలు ఏమీ తినకూడదని నియమం. ఎనిమిదింటికి భార్య సావిత్రమ్మ లేపితే లేవలేదు. తొమ్మిదింబావుకు ఆస్పత్రిలో చూస్తే, డెబ్బైకి తగ్గకూడని షుగరు పద్దెనిమిదే ఉంది. తెల్లారి నాలుగింటికి పోయాడు. ఆయనకు షుగరు జబ్బే లేదు. ఆస్పత్రి కాగితం మీదున్న పద్దెనిమిది అన్న అంకెనే నేను పుల్లారావు బల్ల మీద పెట్టాను.

"ఇది ఇన్సులిన్ పని సార్. ఎవరో ఎక్కించినారు."

"నువ్వేం డాక్టరువా? ముసలాయన, గుండె ఆగింది. అంతే."

"గుండె ఆగితే మా ఉస్మాన్ ఎందుకు లోపల?"

"ఊరు అడుగుతాంది. ఎవడో ఒకడు కావాల. వాడు లైసెన్సు లేని సరుకుతో దొరికినాడు."

"మందులో తప్పుందంటావా, లేదంటావా?"

"మందు మంచిదే," అన్నాడు చప్పున. అన్నాక పళ్లు బిగబట్టాడు.

"మంచిదని నీకెట్ల తెలుసు సార్?"

కానిస్టేబుల్‌ని పిలిచి నన్ను బయటికి సాగనంపమన్నాడు. పోతూపోతూ పుల్లారావు ముఖం చూశాను. ఏడాదిలో రిటైర్ కావలసినవాడు, చెంపలు నిగనిగలాడుతున్నాయి. దొరికింది బాగా తింటున్నాడులే అనుకున్నాను. నా బుర్ర ఆ క్షణమే పని చేసి ఉంటే ఆ సాయంత్రం ఇంకోలా ఉండేది.

మూడుకు నాగభూషణరావు ఇంట్లో ఉన్నాను. సావిత్రమ్మ నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మంది. భర్త పోయిన రెండో రోజు, కళ్లు ఉబ్బి ఉన్నాయి, మాట మాత్రం సూటిగా ఉంది. ఉస్మాన్ చేశాడంటే తనకు నమ్మకం లేదంది. పోలీసులు ఏం తీసుకుపోయారని అడిగాను. సీలు విప్పని సీసాలు రెండు పట్టుకుపోయారంది.

"వాడుతున్న సీసా?"

"అది వద్దన్నారు. సీలు ఉంటేనే ల్యాబుకు పనికొస్తాదన్నారు."

మనిషి చచ్చింది వాడిన సీసాతో. వీళ్లు పట్టుకుపోయింది వాడనివి. ఇదీ మా పుల్లారావు దర్యాప్తు.

ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్లు పెట్టే గుంటలు ఉంటాయి కదా. ఆ ఇంట్లో గుడ్లు తినరు కాబట్టి ఆ గుంటల్లో సీసాలు నిలబెట్టారు. చిటికెన వేలంత గాజు సీసాలు, ఐదు మిగిలాయి. నాలుగింటి అడుగున తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది, సీలు విప్పలేదు. ఐదో దాంట్లో నీళ్లలాంటి మందు ముప్పాతిక వంతు ఉంది. సోమవారం మొదలుపెట్టింది అదేనంది సావిత్రమ్మ.

కాగితంతో పట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చాను. మిగతా నాలుగు సీసాల లేబుళ్లు కొత్త నోటులా పెళపెళలాడుతున్నాయి. దీని లేబుల్ అడుగున ఉబ్బి, అంచు లేచి, మళ్లీ ఎండింది. నీళ్లలో నానిన కాగితం అది. ఫ్రిజ్ తలుపులో నీళ్లెక్కడివి? సీసా కింద చిన్న ఎర్రమట్టి మరక. రబ్బరు మూత దగ్గర వాసన చూశాను. మా అమ్మ గది వాసన వచ్చింది.

అప్పుడు కనిపించింది దారం. మూత కింద, సీసా మెడ చుట్టూ, తెల్లటి కుట్టుదారం రెండు చుట్లు. ముడి గట్టిగా ఉంది. కొసలు కత్తిరించారు, ముడి విప్పడం మరిచారు. మరవడం కూడా కాదు. అలవాటైన కంటికి ఆ దారం కనపడనే లేదు.

నాకు కనపడింది. ఎందుకంటే మా అమ్మ చాంద్బీ చివరి మూడేళ్లు ఇన్సులిన్ మీదే బతికింది. నా ఉద్యోగం పోయిన ఏడాది ఫ్రిజ్ అమ్ముకున్నాం. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్ ఎక్కడ పెడతారు? మట్టికుండలో నీళ్లు పోసి, సీసా మెడకు దారం కట్టి లోపలికి వదిలి, కొస కుండ మెడకు చుడతారు. దారం లేకపోతే సీసా అడుగుకు పోతుంది, ముసలి చేతులు నీళ్లలో తడుముకోవాలి. రెండు డోర్ల ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఎవరూ సీసాకు దారం కట్టరు. ఈ సీసా ఒక పేద ఇంటి కుండలో పడుకుని వచ్చింది.

సీసాల్లో పొడికి నీళ్లు కలిపేది ఎలీషబా. ప్రైవేట్ నర్సు, ఊరు బేస్తవారిపేట. పరామర్శకు వచ్చి వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఈ కేసులో ఉస్మాన్ తర్వాత బోనెక్కేది తనేనని ఆమెకు తెలుసు. శుక్రవారం వచ్చి కలిపానని, ఆ సాయంత్రమే కొమరోలుకు చెల్లెలి కాన్పుకు పోయి మంగళవారం తిరిగొచ్చానని, బస్ టికెట్లు కూడా ఉన్నాయని నేను అడగకముందే చెప్పింది.

"మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా సిస్టరమ్మా?"

ఆమెకు కోపం వచ్చింది. "ఏందన్నా ఆ మాట? రెండు డోర్లది ఉంది. నా కొడుకు కొనిచ్చినాడు."

కలిపేది ఎట్లాగో చూపించమన్నాను. ఖాళీ చేతులతోనే చూపించింది. నీళ్లు సీసా గోడ మీదుగా జారవిడవాలట, కుదపకూడదట, రెండు అరచేతుల మధ్య నిదానంగా దొర్లించాలట. గొలుసు తెగితే మందు చస్తుందట. సీసా ఎప్పుడైనా దారం కట్టి వేలాడదీశావా అంటే నాకు పిచ్చి పట్టిందేమో అన్నట్టు చూసింది. ఇన్సులిన్ ఇందులో పోస్తే తేడా తెలుస్తుందా అని అడిగాను. అప్పుడు కూర్చుంది.

"తెలవదన్నా. ఇన్సులిన్ కూడా ఈ జాతిదే. అదీ గొలుసే, ఇదీ గొలుసే. రెండూ నీళ్లలాగే ఉంటాయి." గొంతు తగ్గించింది. "ఇంకో మాట. శుక్రవారం నేను కలిపింది ఒక సీసా కాదు, రెండు. ప్రతి నెలా రెండే."

"రెండోది ఎవరికి?"

"అడగొద్దన్నాడు అయ్యగారు. ఆదివారం భోజనం క్యారియర్‌లో ఎవరింటికో పోతాదని మాత్రం తెలుసు. గోవిందమ్మ తీసకపోతాది."

గోవిందమ్మ ఎవరని సావిత్రమ్మను అడిగాను. వంటమనిషట. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లోనే చేస్తోంది. సోమవారం నుంచి రావడం లేదు, కాలి పుండు మానడం లేదని సెలవు అడిగింది. షుగరు ఎక్కువ, పాపం, అంది. క్యారియర్ ఎవరికి పోతుందని అడిగితే ఆ సంగతులు మగవాళ్లవని తనకెప్పుడూ చెప్పలేదంది.

"ఆమె భర్త?"

"పోయినాడు. మా ఫ్యాక్టరీలోనే పలకలు కోసేవాడు. ఓబులేసని."

పదకొండేళ్ల కింద స్టేషన్‌లో ఓబులేసు చావు కాగితం రాసింది నేనే. పలకల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, ముప్పై ఎనిమిదేళ్లకు దగ్గి దగ్గి పోయాడు. దుమ్ము లాగే మిషన్ పాడైతే ఖర్చని యజమాని బాగు చేయించలేదని, ముఖానికి గుడ్డ కూడా ఇవ్వలేదని, ఓబులేసు భార్య చెప్పింది చెప్పినట్టు రాశాను. అప్పట్లో ఎస్.ఐ.గా ఉన్న పుల్లారావు ఆ కాగితం చించి టి.బి. అని రాశాడు. నేను పైవాళ్లకు ఫిర్యాదు చేశాను. నెల తిరక్కుండా నా సొరుగులో లంచం డబ్బు దొరికింది. ఎవరు పెట్టారో ఊరందరికీ తెలుసు. ఉద్యోగం పోయింది.

ఆ ఆడమనిషే ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వండి పెడుతోంది.

పలకల కూలీల కాలనీలో ఇల్లు వెతికి పట్టుకునేసరికి ఐదున్నర దాటింది. ఒంటి గది రేకుల ఇల్లు. గోవిందమ్మ గడపలో కూర్చుని ఉంది. నలభై రెండో మూడో ఉంటాయి, అరవై దాటినట్టుంది. కాలికి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"రా బాషన్నా. నువ్వే వస్తావనుకున్నా. పోలీసోళ్లకు ఫ్రిజ్‌లో వెతకడమే తెలుసు."

సావిత్రమ్మను అడిగి తెచ్చిన సీసాను జేబులోంచి తీసి చూపించాను. దారం వైపు చూసి, అయ్యో అని తల కొట్టుకుంది, కూరలో ఉప్పు మరిచినట్టు. దాచలేదు. అడిగినవన్నీ చెప్పింది. శుక్రవారం ఎలీషబా కలిపిపెట్టిన సీసాలను శనివారం కొంగులో ఇంటికి తెచ్చింది. వాటిలో మందు పారబోసి, సర్కారు దవాఖానాలో తనకిచ్చిన ఇన్సులిన్ నింపింది. రాత్రంతా బయట ఉంటే మందు చెడిపోతుందని కుండలో వేలాడదీసింది. ఆదివారం పొద్దున తిరిగి తీసుకుపోయింది.

"మరి నీ సూదులు?"

"నెలయింది మానేసి. కూడబెట్టుకోవాల గదా. అందుకే కాలు ఇట్లయింది."

తన ప్రాణం తీసి ఆ సీసాల్లో పోసింది ఈ మనిషి. తొమ్మిదేళ్లు అన్నం పెట్టి ఇప్పుడెందుకని అడిగాను.

"ఆ ఇంట్లో చేరినప్పుడు ఏం అనుకోలేదన్నా. కూడు కావాల, చేరినా. పోయిన నెల అయ్యగారు బల్ల దగ్గర కూర్చుని అంటాండాడు, సైన్సు శానా దూరం పోయింది, నేను నూట ఇరవై ఏండ్లు బతుకుతా అని. నేను పప్పు వడ్డిస్తాండా. మా ఆయన ముప్పై ఎనిమిదికి పోయినాడు. ఈ వీధిలో యాభై దాటిన మొగోడు లేడు. ఈయనకు నూట ఇరవై ఎక్కడినుంచి వచ్చినాయన్నా? మావే గదా అవి?"

ఆమె లెక్కలో తప్పు లేదు. కానీ లాకప్‌లో నా మేనల్లుడు ఉన్నాడు.

"ఉస్మాన్ ఏం చేసినాడమ్మా?"

"ఏం చేయలేదు. నేను స్టేషనుకు వస్తా. నేనే చేసినానని చెప్తా, వేలిముద్ర వేస్తా. ఏడు లోపల వస్తా." నా చేతి గడియారం వైపు చూసింది. "ఆరు దాటనియ్యి, అంతే."

ఆరు ఎందుకు? ఆమె చేతికందే దూరంలో, గడప పక్క మూలనున్న కుండ దగ్గరికి వెళ్లాను. ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడి గోనె చుట్టి ఉంది. కుండ మెడకు మూడు దారాలు కట్టి ఉన్నాయి. ఒకదాని కొసన ఆమె సొంత ఇన్సులిన్ సీసా, అందులో మందు అడుగంటి ఉంది. రెండు దారాలు సగంలో కత్తిరించి ఉన్నాయి.

ఎలీషబా కలిపింది రెండు సీసాలు. గోవిందమ్మ నింపింది రెండు సీసాలు.

"రెండోది ఎవరికి పోయిందమ్మా?"

"ఆ పొద్దు బల్ల దగ్గర అయ్యగారు నూట ఇరవై అంటే ఇంకొకాయన నవ్వినాడు. నాకు నూటపదైనా ఇప్పించు సామీ అన్నాడు. మా ఆయన కాయితం నా ముందర చించినప్పుడు కూడా అట్లే నవ్వినాడు."

మందు మంచిదే. నిగనిగలాడే చెంపలు.

"పుల్లారావు సోమవారమే ఎందుకు పోలేదు మరి?"

"క్యారియర్ అందుకుంటా ఆయనే చెప్పినాడు, పాతదాంట్లో మూడు సూదులు మిగిలినాయి, అవి అయినాక ఇది తీస్తా అని. ఆది, సోమ, మంగళ." వేళ్లు ముడిచింది. "ఈ పొద్దు బుధవారం. అయ్యగారు నేర్పిన టైమే, ఆరు. తప్పడు."

గడియారంలో ఆరుకు పది నిమిషాలుంది.

అబద్ధం ఎందుకు, నేను గడప ముందరి మట్టి అరుగు మీద కూర్చున్నాను. ఒక నిమిషం. పది నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు. ఉస్మాన్ ఇంటికొస్తాడు, ఈమె ఒప్పుకుంటుంది, నా చేతికి మరక అంటదు, పదకొండేళ్లుగా నేను దేవుణ్ణి అడుగుతున్నది దేవుడు తెచ్చి ఒళ్లో పెడతాడు. ఆ నిమిషం ఎంత తియ్యగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

తర్వాత ఆమె కాలి గుడ్డ కనిపించింది. ఒక చావుకైతే ఏ జడ్జికైనా ఆమె కథ చెప్పుకోవచ్చు. పోలీసు అధికారి చావు కూడా తోడైతే ఆ కథ వినేవాడు ఉండడు. ఓబులేసు కాగితం రెండోసారి చిరుగుతుంది, ఈసారి నా చేతుల్లో. ఆ కాగితం కోసమే నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను.

ఫోన్ తీసి పుల్లారావుకు చేశాను. ఒక్క మోత కూడా లేకుండా తెగిపోయింది. స్టేషన్‌కు చేశాను. రైటర్ ఎత్తాడు. సారు క్వార్టర్స్‌కు వెళ్లాడన్నాడు.

"వెంటనే చెప్పు. ఈ పొద్దు సూది వేసుకోవద్దని చెప్పు. వేసుకుంటే చస్తాడు."

"సి.ఐ. గారిని బెదిరిస్తాండావా బాషా? నీ ఫోన్ కలపొద్దన్నారు," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

గోవిందమ్మ పక్కన ఆమె చిన్న ఫోన్ ఉంది. ఆదివారం క్యారియర్ కోసం ఆయన నంబరు అందులో ఉండే ఉంటుంది. ఆమె పేరు చూస్తే ఎత్తుతాడు.

"అమ్మా, నీ ఫోన్ ఇయ్యి. నీ కోసమే అడుగుతాండా. రెండో చావైతే ఉరి వేస్తారు నిన్ను."

"ఉరి దాకా నేనుంటానా అన్నా?" ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. కుండ వైపు వంగి, మూత తీసి, ఫోన్‌ను నీళ్లలోకి వదిలింది. దానికి దారం కట్టలేదు. అడుగుకు పోయింది.

"నువ్వు మంచోడివి బాషన్నా. ఆ పొద్దు కూడా నువ్వొక్కడివే నిజం రాసినావు. ఏం మిగిలింది?"

బయటికి పరుగెత్తి బండి తీశాను. క్వార్టర్స్ పది నిమిషాల దారి. గడియారంలో ఆరుకు ఆరు నిమిషాలుంది. మలుపు తిరుగుతూ మళ్లీ ఒకసారి ఆ నంబరు నొక్కాను, మళ్లీ అలాగే తెగిపోయింది. చచ్చేదాకా నా గొంతు వినేది లేదన్నాడు పుల్లారావు. సర్వీసంతా మాట తప్పుతూ వచ్చిన మనిషి, ఈ ఒక్క మాట మీద నిలబడేట్టున్నాడు.